కోసినవాళ్ళు కారణం రాయాలి

పోయిన నెల ఒక సాయంత్రం సుజాత పోర్ట్‌బ్లెయిర్ పక్కన గరాచర్మలో మా ఇంటికి వచ్చింది. నేను ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు చెప్పిన స్కూల్లోనే ఆ అమ్మాయి కొత్తగా టీచరుగా చేరింది. కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే మొదలుపెట్టింది.

"మేడమ్, సినిమాల్లో, నాటకాల్లో సెన్సార్ గురించీ, మాట్లాడే స్వేచ్ఛ గురించీ ఎనిమిదో క్లాసుకి ఒక పీరియడ్ తీసుకోమన్నారు. నెట్‌లో చూస్తే అన్నీ చట్టాలు, సెక్షన్లు. అవి చెబితే పిల్లలు సో జాయేంగే, నిద్రపోతారు. ఏం చెప్పమంటారు?"

నాకు నవ్వు ఆగలేదు. "సరైన మనిషి దగ్గరికే వచ్చావే తల్లీ! ఆ స్కూల్లో సెన్సార్ అంటే నేనే" అన్నాను.

కాగితం మీద నేను తెలుగు టీచరుని. అసలు ఉద్యోగం వేరు. యాన్యువల్ డేకి ఏ నాటకం వేయాలన్నా, ఏ పాటకు గంతులు వేయాలన్నా, శనివారం ఏ సినిమా చూపించాలన్నా ముందు నా టేబుల్ మీదికి రావాలి. శ్రీకాకుళం నుంచి వచ్చి, ఓడలో మూడు రోజులు పడిన అవస్థకు ఇంకా తల తిరుగుతూ ఉన్న ఇరవై నాలుగేళ్ళ పిల్లకి "కల్చరల్ ఇన్‌ఛార్జి" అని పేరు పెట్టి ఎర్ర పెన్ను చేతికిచ్చారు. ఏది ఉంచాలో, ఏది కోయాలో ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పలేదు. ఎర్ర పెన్ను చేతికొస్తే మనిషికి ఎంత పొగరొస్తుందో కూడా చెప్పలేదు.

సుజాతకి టీ చల్లారేలోపు చెప్పగలిగినంత చెప్పాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్లు, ట్రాన్స్‌ఫర్లు, సర్వీసు పుస్తకం గొడవలు ఇందులో ఉండవు. నా తప్పులు ఉంటాయి.

గొడుగు

మా స్కూలుకి ప్రొజెక్టరు వచ్చిన కొత్తల్లో నెలకో శనివారం హాల్లో సినిమా వేసేవాళ్ళం. పోర్ట్‌బ్లెయిర్‌లో గొడుగు లేకుండా గడప దాటేవాళ్ళు ఉండరు కదా. నా నల్ల గొడుగు ఎప్పుడూ నా పక్కనే ఉండేది. తెర మీద హీరో హీరోయిన్లు దగ్గరవుతున్నారని అనుమానం రాగానే లేచి ప్రొజెక్టరు ముందు ఆ గొడుగు విప్పేసేదాన్ని. తెరంతా నలుపు. హాలంతా "ఓ..." అని అరుపులు. గండం గడిచింది అనిపించాక మూసేదాన్ని.

బొమ్మ అయితే ఆగేది, పాట ఆగేది కాదు. ఆ సంగతి నా బుర్రకి తట్టలేదు.

ఒక సోమవారం ఏడో క్లాసుకి వెళ్ళేసరికి ఇద్దరు కొట్టుకుంటున్నారు. గొడవ దేనికయ్యా అంటే, శనివారం గొడుగు వెనక ఏం జరిగిందన్న దాని మీద. నాకు ఒళ్ళు మండింది. "సరే, అందరూ చీటీల మీద రాయండి, ఏం జరిగిందనుకుంటున్నారో" అన్నాను. పేర్లు రాయక్కర్లేదని కూడా చెప్పాను, అదే నా ఖర్మ. స్టాఫ్‌రూంలో కూర్చుని ఆ చీటీలు చదువుతుంటే చెవులు వేడెక్కిపోయాయి. అబ్బబ్బ, ఏం రాశారు! పన్నెండేళ్ళ పిల్లలు! సినిమా తీసినవాళ్ళకి అందులో సగం కూడా తోచి ఉండదు.

అప్పుడు నాకే అనుమానం వచ్చింది, ఇంతకీ ఏం జరిగిందా అని. ఎందుకంటే గొడుగు విప్పిన నేనూ అది చూడలేదు. పాట తీరు మారగానే విప్పేశాను. సినిమా మళ్ళీ పెట్టుకుని చూశాను. హీరోయిన్ కంట్లో నలక పడింది. హీరో ఊదాడు. అంతే.

ఆ వారం ఆ ముక్క ఒక్కటే క్లాసుకి గొడుగు లేకుండా చూపించాను. అందరూ ఊపిరి బిగబట్టి చూశారు. వెనక బెంచీ నుంచి ఒక పిల్ల ఎంతో నిరాశగా, "ఇంతేనా మేడమ్?" అంది.

దీని అర్థం పిల్లలకి అన్నీ చూపించేయమని కాదు. చూపించకూడనివి ఉన్నాయి, నేను ఇప్పటికీ అదే మాట మీద ఉంటాను. సినిమా మీద వయసు వేయడంలో నాకు తప్పేమీ కనబడదు. "ఇది నీకు పదహారేళ్ళు వచ్చాక" అంటే పిల్లకి ఒక తేదీ తెలుస్తుంది, ఎదురుచూస్తుంది. "ఇది ఎవరూ ఎప్పుడూ చూడకూడదు, ఎందుకని అడగకూడదు" అనడం పూర్తిగా వేరే పని. ఈ రెండింటికీ ఒకే పేరు పెట్టి పిల్లల్ని గందరగోళపెడతాం. తరవాత నుంచి నేను చేసిందల్లా సినిమా ముందే మొత్తం చూడటం. తగదనిపిస్తే వేసేదాన్ని కాదు, ఎందుకు వేయలేదో చెప్పేదాన్ని. వేస్తే మాత్రం గొడుగు మూలనే ఉండేది.

"ఇప్పుడు ఫోన్లున్నాయి కదా మేడమ్, మనం ఏం ఆపగలం?" అని సుజాత అడిగింది. అందుకే ఇంకా ఎక్కువ మాట్లాడాలి అన్నాను. ఫోన్‌కి గొడుగు పట్టలేం.

ఒకసారి సరిగ్గానే కోశాను

నా కోతలన్నీ తప్పులేనని అనుకోకండి. ఒక ఏడాది పదో క్లాసు వాళ్ళు కామెడీ నాటకం రాసుకొచ్చారు. అందులో ఒక పాత్రకి నత్తి. ఆ పాత్ర నోరు తెరిస్తే చాలు మిగతావాళ్ళు పడీ పడీ నవ్వాలి. చదువుతుంటే నాకూ నవ్వొచ్చింది, అబద్ధం ఎందుకు? కానీ ఆ క్లాసులోనే నత్తి ఉన్న పిల్లవాడు ఒకడున్నాడు. నాటకం రాసినవాళ్ళని పిలిచాను.

"వాడు ఆ రోజు ఎక్కడ కూర్చుంటాడు?"

"హాల్లోనే మేడమ్."

"మీరు మైకులో అంటారు. వాడు తిరిగి మిమ్మల్ని ఏమైనా అనగలడా?"

తరవాత వాళ్ళే ఆ పాత్రని మార్చి, గురక పెట్టే హెడ్మాస్టరుని పెట్టుకున్నారు. నేను వదిలేశాను. హెడ్మాస్టరుకి కావాలంటే తిరిగి అనగలిగే మైకు ఉంది. ఆ రోజు ఎందుకు కోశావని ఎవరు అడిగినా ఒక్క ముక్కలో చెప్పగలిగేదాన్ని.

బుర్రకథ

ఇక నన్ను నిజంగా టీచరుని చేసిన పిల్ల సంగతి. పేరు పైడితల్లి, అందరికీ పైడి. తొమ్మిదో క్లాసు. ఇల్లు డైరీ ఫార్మ్ అనే పేటలో. వాళ్ళ తాత అప్పన్న చిన్నతనంలో ఊళ్ళో బుర్రకథ చెప్పిన మనిషి. ఆ ఏడాది యాన్యువల్ డేకి తెలుగు పిల్లలు బుర్రకథ చెబుతామన్నారు, తాతే నేర్పిస్తానన్నాడు.

బుర్రకథ తెలియని పిల్లల కోసం చెబుతున్నాను. నడుమ తంబురా పట్టుకుని ఒకరు కథ చెబుతారు. ఇరుపక్కలా ఇద్దరు వంతలు డక్కీలు వాయిస్తూ తందాన తాన అంటారు. ఒక వంత లోకంలోని సంగతులు అడుగుతుంది. రెండో వంతది హాస్యం. కథని ఆపి, ఎవరి మీదైనా సరే ఒక మాట విసురుతుంది. మా బుర్రకథలో పైడి క్లాసు పిల్ల గౌరి కథ చెప్పేది, పైడి హాస్యం వంత. రిహార్సల్ చూడటానికి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు తాత నాకు పాఠం చెప్పాడు.

"హాస్యగాడికి అడ్డు నేదమ్మా. ముందు వరసలో మునసబు కూకున్నా ఆడి మీదే మాటిసురుతాడు. మునసబు నవ్వాల. నవ్వకపోతే ఊరంతా ఆడి మీద నవ్వుతాది."

బాగుందనుకున్నాను. ఇంటికొచ్చి మరిచిపోయాను.

కథ పిల్లలే కట్టారు, తాతలు సముద్రం దాటి ఈ దీవులకి వచ్చిన కథ. మన దీవుల పిల్లలకి తెలుగు మాట్లాడటం వచ్చు గానీ రాయడం కష్టం. అందుకని తెలుగు మాటలన్నీ హిందీ అక్షరాల్లో రాసుకొచ్చారు. అందులో గౌరి, "ఓడ మీద బియ్యం వచ్చాయి, సిమెంటు వచ్చింది, ఇనుము వచ్చింది" అంటుంది. వెంటనే పైడి అందుకుంటుంది:

"అన్నీ వచ్చాయి గానీ అక్కా, మా స్కూల్లో ఆడపిల్లల బాత్రూం తాళంచెవి ఇంకా ఓడ దిగనేదే! అది చీఫ్ గెస్టుతోటే వస్తాదంట, చీఫ్ గెస్టుతోటే ఎళ్ళిపోతాదంట!"

నిజం. కొత్త బాత్రూం కట్టి రెండేళ్ళయింది. పాడైపోతుందని తాళం వేసి ఉంచేవాళ్ళు. తనిఖీకి ఎవరైనా వస్తే తీసేవాళ్ళు. ఆడపిల్లలు గ్రౌండు చివర గడియ లేని పాతదానికి వెళ్ళేవాళ్ళు. స్టాఫ్‌కి వేరే ఉండేది కాబట్టి నాకు ఆ సంగతి ఎప్పుడూ పట్టలేదు. ఆడపిల్లల నీళ్ళ సీసాలు పొద్దున నిండుగా వచ్చి సాయంత్రం నిండుగానే ఇంటికి వెళ్ళేవి. "నీళ్ళు తాగండే, ఉక్కకి కళ్ళు తిరిగి పడిపోతారు" అని నేనే రోజూ కసిరేదాన్ని.

అప్పటి మా ప్రిన్సిపాల్ చౌబే సార్. మంచి మనిషే, అరుపు మాత్రం అబర్డీన్ బజార్ దాకా వినిపిస్తుంది. ఆయనకి తెలుగు రాదు, హిందీ అక్షరాలు వచ్చు. దాంతో ఆ స్క్రిప్టు ముందు పెట్టుకుని, ఒక్క ముక్క అర్థం కాకుండా, "తందాన తాన, తందాన తాన" అని ప్రార్థన చదివినట్టు గంభీరంగా చదవడం మొదలుపెట్టారు. నేను పక్కన నిలబడి ఒక్కో వాక్యానికి హిందీలో అర్థం చెప్పాలి. తాళంచెవి మాట వచ్చింది.

"ఇక్కడ ఓడలో వాంతుల మీద జోకు ఉంది సార్" అన్నాను.

"అచ్ఛా, ఉల్టీ! ఠీక్ హై, ఠీక్ హై" అని నవ్వి సంతకం పెట్టేశారు.

బయటికొచ్చి పైడితో, "ఆ తాళంచెవి మాట తీసెయ్యమ్మా, వాంతుల మీద ఏదైనా పెట్టుకో. సార్ ఒప్పుకోలేదు" అన్నాను. కోయడం ఒక తప్పు. కోసింది నేనైతే ఆయన మీదికి నెట్టేయడం అంతకంటే పెద్ద తప్పు. అప్పుడు మాత్రం నాకు అది తెలివితేటల్లాగే అనిపించింది.

నేను రాసిచ్చిన కారణం

పైడి ఊరుకునే గుంట కాదు. రిసెస్‌లో తిన్నగా చౌబే సార్ గదిలోకి వెళ్ళి, నా డైలాగ్ ఎందుకు కోశారు సార్ అని హిందీలో అడిగేసింది. ఆయన నాకు కబురు పంపారు.

"మేడమ్ జీ, ఈ పిల్ల నేనేదో కోశానంటోంది. మైనే క్యా కాటా?"

పైడి గుమ్మం పక్కన నిలబడి నన్నే చూస్తోంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తడబడుతూ అసలు మాటకి అర్థం చెప్పాను. ఆయన మొహం ఎర్రబడింది. "చీఫ్ గెస్ట్ కే సామ్నే? బిల్కుల్ నహీఁ!" చీఫ్ గెస్టు ముందు కుదరనే కుదరదని అరిచారు. అంతవరకూ అబద్ధంగా ఉన్న కోత అప్పుడు నిజమైంది.

వరండాలో పైడి నన్ను ఆపింది. కళ్ళలో నీళ్ళున్నాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"ముందు కోసీసింది సార్ కాదు, మీరే. ఎందుకు కోసారో కాయితం మీద రాసియ్యండి మేడమ్. తాతకి సూపించాల. హాస్యం ఆపినోళ్ళు కారణం సెప్పాలంట."

"రాయకపోతే?"

"నాను డక్కీ పట్టను. నానే కాదు, ఇంకెప్పుడూ స్టేజీ ఎక్కను."

ఆ పిల్ల అన్న మాట మీద నిలబడే రకం. పదిరోజుల్లో యాన్యువల్ డే. బుర్రకథ పోతే పోయింది, ఇంత నోరున్న పిల్ల నా మూలాన నోరు మూసుకుంటుందా అనుకున్నాను.

స్టాఫ్‌రూంలో కిటికీ పక్కన కూర్చుని కాగితం తీశాను. అబద్ధం కాబట్టి అని రాద్దామా? నిజమే కదా. అసభ్యం కాబట్టి అందామా? తాళంచెవిలో అసభ్యం ఏముంది? ఎవరినైనా నొప్పిస్తుందా? నత్తి పిల్లవాడి విషయంలో కారణం వెంటనే దొరికింది. ఇక్కడ నొచ్చుకోవాల్సిన వాళ్ళందరి చేతుల్లో మైకులున్నాయి.

అంతలో కిటికీలోంచి నలుగురు ఆడపిల్లలు గ్రౌండు చివరికి పరుగెత్తడం కనిపించింది. ముగ్గురు తలుపు ముందు వీపులు ఆనించి నిలబడ్డారు, ఒకతె లోపలికి వెళ్ళింది. రోజూ కనబడే దృశ్యమే. ఆడుకుంటున్నారనుకునేదాన్ని. ఆ నిండు సీసాలు ఎందుకు నిండుగా తిరిగి వెళుతున్నాయో అప్పుడు అర్థమైంది. నాకు సిగ్గేసింది, నా మీద నాకే కోపం వచ్చింది. ఇన్నేళ్ళూ నేను కసిరింది ఎవరిని!

కాగితం మీద ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టాను. పైడి దాన్ని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివింది.

"కా...ర...ణం. నా...కు భ...యం వే...సిం...ది."

చదివి తలెత్తింది. "మీకా? ఎవరంటే మేడమ్?"

"చౌబే సార్ అంటే."

"ఓలమ్మో! ఆయనంటే మాకే భయం నేదు, మీకేటి?"

ఇద్దరం కలిసి ఆ కాగితం పట్టుకుని సార్ దగ్గరికి వెళ్ళాం. దాని మీద ఏముందో హిందీలో చెప్పాను. ఈసారి ఒక్క మాట కూడా మార్చలేదు. కిటికీలోంచి చూసింది కూడా చెప్పాను. "మీరూ కోశారు కదా సార్, దాని కిందే మీ కారణం రాయండి" అన్నాను.

ఆయన పెన్ను తెరిచారు. మూశారు. మళ్ళీ తెరిచారు. పైడి టేబుల్ అంచు పట్టుకుని ఆ పెన్ను వైపే చూస్తోంది. చివరికి నా వాక్యం కింద హిందీలో రెండు మాటలు రాశారు: "ముఝే భీ." నాకూ అంతే అని. రాసి తనే పకపకా నవ్వేశారు. బెల్లు కొట్టి, తాళాలు చూసే ముత్తు భయ్యాని పిలిచి, ఆ బాత్రూం తీసేయమన్నారు.

తరవాత పైడి వైపు తిరిగారు. తాళం తీయించాను కాబట్టి నీ మాట ఇప్పుడు అబద్ధం, స్టేజీ మీద అబద్ధం చెప్పకూడదు, అందుకని కట్ అన్నారు. ప్రిన్సిపాల్ ఊరికే అయ్యారా మరి!

పైడి క్షణం ఆలోచించింది. "ఠీక్ హై సర్. కొత్తది రాసుకుంటాను" అంది.

యాన్యువల్ డే రోజు హాలు కిటకిటలాడింది. ముందు వరసలో చీఫ్ గెస్టు, చౌబే సార్, రెండో వరసలో అప్పన్న తాత. గౌరి బియ్యం, సిమెంటు, ఇనుము అంది. పైడి డక్కీ మీద ఒక్క దెబ్బ కొట్టి ముందుకొచ్చింది.

"మా బాత్రూం తాళంచెవి కూడా ఓడ దిగిందక్కోయ్! మరి ఎన్నాళ్ళుంటాదో? చీఫ్ గెస్టు గారు ఎళ్ళిపోయాక సూద్దాం!"

తెలుగు వచ్చినవాళ్ళందరూ ఒక్కసారిగా గొల్లుమన్నారు. చీఫ్ గెస్టు చౌబే సార్ వైపు వంగి, ఎందుకు నవ్వుతున్నారని అడిగారు. సార్ నా వైపు చూశారు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయనా ఉన్నదున్నట్టే చీఫ్ గెస్టుకి చెప్పారు, చెప్పక ఏం చేస్తారు! చీఫ్ గెస్టు కాసేపు తల వంచుకుని నవ్వి, సోమవారం నేనే ఫోన్ చేసి కనుక్కుంటాను అన్నారు.

సుజాత పీరియడ్

సుజాతా, నీ పీరియడ్‌కి చట్టాలు తరవాత చెప్పు. ముందు ఒక చిన్న నాటకం ఇచ్చి పిల్లలందరి చేతికీ ఎర్ర పెన్నులివ్వు. నచ్చనివన్నీ కోయమను. ఒకటే షరతు, ప్రతి కోత కిందా కారణం రాసి సంతకం పెట్టాలి. కోతలు ఎలా తగ్గిపోతాయో నువ్వే చూస్తావు. మిగిలిన వాటి మీద వాళ్ళు పోట్లాడుకుంటారు. పోట్లాడుకోనీ, మధ్యలో దూరకు. నేను ఆఖరి పదేళ్ళూ అదే చేశాను. పిల్లలు నాకంటే న్యాయంగా కోశారు.

ఇది రాయడం అయ్యాక మా ఆయనకి చదవమని ఇచ్చాను. చౌబే సార్ సంగతి తీసేయమన్నారు. కారణం రాసి సంతకం పెట్టమన్నాను. టీ పెట్టుకుంటానని వంటింట్లోకి వెళ్ళారు, ఇంకా రాలేదు.

ఆ సోమవారం ఏమైందో చెప్పలేదు కదూ. ఫోన్ రాలేదు. తాళం మాత్రం మళ్ళీ వచ్చింది. పొద్దున్నే చూస్తే ముత్తు భయ్యా అలవాటు ప్రకారం వేసేశాడు. నేను ఆఫీసు గదికి వెళ్ళేసరికే అక్కడ వంతలూ కథకురాలూ అని తేడా లేకుండా ముగ్గురూ యూనిఫాంలో వరసగా నిలబడి ఉన్నారు. పైడి డక్కీ మీద చెయ్యి వేసి, "తందాన తాన!" అని ఎత్తుకుంది. లోపల నుంచి చౌబే సార్ రెండు చేతులూ జోడించుకుంటూ బయటికొచ్చారు. "బస్ బస్, మేరీ మా!" అని తాళంచెవి తెచ్చి పైడి చేతిలోనే పెట్టారు. ఆ రోజు నుంచి అది తొమ్మిదో క్లాసులో మేకుకి వేలాడింది.

మధ్యాహ్నం నాకు వాళ్ళ క్లాసే. పద్యం సగంలో ఉండగా పైడి చెయ్యెత్తింది.

"మేడమ్, నీళ్ళు అయిపోనాయి. పట్టుకొచ్చుకుంటాం."

వెళ్ళమన్నాను. ఆడపిల్లలందరూ ఖాళీ సీసాలు పట్టుకుని లేచారు.